సైట్ నా చేతికొచ్చింది, మనుషులు రాలేదు. సలహా చెప్పండి

ఉలవపాడు_కుర్రోడు
ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. డిప్లొమా సివిల్ చేసి ఆరేళ్ళుగా ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తా ఉన్నా. ఇన్నాళ్ళూ పైన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, వాళ్ళు చెప్పింది చేసేవాణ్ణి. ఈసారి మా సారు తాళాల గుత్తి, మస్టర్ పుస్తకం నా చేతిలో పెట్టి "ఇది నీ పనిరా" అని వేరే సైటుకి పోయాడు.

పని రొయ్యల మేత గోడౌను. హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి, నల్లరేగడి చేలో. 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు. కింద బోల్టులు పాతిన కాంక్రీటు దిమ్మెలు, అదే పెడెస్టల్స్, 14, వాటి మీద ఇనుప స్తంభాలు, కప్పు మోసే ట్రస్సులు, పైన రేకులు. ముందు పక్క ఆఫీసు గదికి చిన్న స్లాబు. గడువు 110 రోజులు, అందులో 52 అయిపోయినాయి.

మొన్న శుక్రవారం ఇనుప పని చేసే ఫ్యాబ్రికేటర్ స్తంభాలు తెచ్చి క్రేనుతో లేపితే మూడు పెడెస్టల్స్ మీద బోల్టులకీ, స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటు బొక్కలకీ కుదరలా. క్రేను బాడుగ గంటల లెక్క. స్తంభం గాల్లో ఊగతా ఉంది, కింద పదిమంది పది మాటలు. ఫ్యాబ్రికేటర్ మేస్త్రిని అన్నాడు, మేస్త్రి నన్ను అన్నాడు. అంతలో ఓనరు నేరుగా మేస్త్రికే ఫోన్ చేసి "అది వదిలేసి ఆఫీసు గది గోడ లేపు" అని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా. ముఠా మొత్తం తాపీలు తీసుకుని గోడ దగ్గరికి పోయింది.

నేను మరీ మెతకగా ఉన్నానా? మనుషుల చేత పని చేయించడం ఎట్టా నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గెలాక్సీ_బ్లాక్
ఆదివారం, రాత్రి 10:40

తమ్ముడూ, జవాబు నీ పోస్టులోనే ఉంది. మెతకే. నేను చీమకుర్తి క్వారీలో 17 ఏళ్ళుగా ఉన్నా. ఒరిస్సా వాళ్ళు, రాజస్థాన్ వాళ్ళు, మనోళ్ళు కలిపి నూటఇరవై మంది. ఎనిమిదింటికి మస్టర్ మూసేస్తా, ఎనిమిదీ ఐదుకి వచ్చినోడికి సగం రోజే. మొదటి నెల తిట్టుకుంటారు, రెండో నెల నుంచి టైముకి వస్తారు. అందర్నీ అన్నా, బాబాయ్ అంటా ఉంటే నీ నెత్తినెక్కి గోడ కడతారు.

పెన్నా_గట్టు
సోమవారం, ఉదయం 5:55

నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. నిద్ర పట్టే వయసు కాదు, అందుకే ఈ వేళకి రాస్తున్నా.

అబ్బాయ్, మెతకా గట్టా అన్నది తర్వాత. ముందు నాలుగు ప్రశ్నలు. ఆ మూడు పెడెస్టల్స్ ఏ డ్రాయింగ్ చూసి పోశారు? దాని మీద తేదీ ఎంత? బోల్టులు నిలబెట్టడానికి ఇనుప రేకు టెంప్లేటు వాడారా, చెక్క ముక్కకు బొక్కలు కొట్టి కానిచ్చారా? కాంక్రీటు పోసే ముందు టేపు పెట్టి కొలిచింది ఎవరు, ఆ కొలత ఎక్కడ రాశారు?

ఇంకొకటి, ఇది తొందర విషయం. ఫ్యాబ్రికేటర్ "గ్యాస్ కట్టర్‌తో కాల్చి బోల్టు వంచి కూర్చోబెడతా" అంటాడు. వందకి తొంభైమంది అంటారు. ఒప్పుకోవద్దు. కాల్చి వంచిన బోల్టు బలం పోతుంది, పైకి మాత్రం నట్టు పడుతుంది కాబట్టి అందరికీ బాగానే కనిపిస్తుంది. డిజైన్ చేసిన ఇంజనీరుకి కొలతలు పంపి, ఆయన రాతపూర్వకంగా చెప్పిందే చెయ్యి.

ఉలవపాడు_కుర్రోడు
సోమవారం, మధ్యాహ్నం 1:20

సార్, ఎట్టా కనిపెట్టారు? శనివారం పొద్దున గ్యాస్ సిలిండరు కూడా దించాడు. ఆపించాను.

మీ ప్రశ్నలకి జవాబులు. డ్రాయింగులు రెండు ఉన్నాయి. పాతదాంట్లో బోల్టుల మధ్య 200 మిల్లీమీటర్లు, కొత్తదాంట్లో 230. కొత్తది వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ రోజే ఎవరిదో పుట్టినరోజు, శుభాకాంక్షల కింద డ్రాయింగ్ మునిగిపోయింది. నేను రెండు రోజుల తర్వాత చూసి మిగతా 11 సరిచేయించా. అప్పటికే మూడు పోసేశారని నాకు తెలీదు. టెంప్లేటు చెక్కదే. కొలిచింది మేస్త్రి, రాసింది ఎక్కడా లేదు.

ఇంతకన్నా బాధ ఏందంటే, ఆ మూడూ పాత కొలతవని మేస్త్రి మేనల్లుడికి మర్నాడే తెలుసంట. కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంది, అప్పుడే చెప్పి ఉంటే పగలగొట్టి మళ్ళీ పోయడం ఒక్క పూట పని. నెల రోజులు నోరు మెదపలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే నేల చూస్తాడు.

వంటశాల_అక్క
సోమవారం, రాత్రి 9:05

నాకు సిమెంటు సంగతి తెలీదు నాయనా. నెల్లూరులో పెళ్ళిళ్ళకి వంట చేయిస్తాను. పెద్ద ముహూర్తం రోజున మూడు కళ్యాణ మండపాల్లో ఒకేసారి వండించిన మనిషిని.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆ పిల్లోడు కానీ ఇంకొకడు కానీ, పని మొదలైన కొత్తలో నీ దగ్గరికి ఏదైనా తప్పు జరిగిందని చెప్పుకోను వచ్చాడా? వస్తే నువ్వేమన్నావు?

ఎందుకు అడుగుతున్నానంటే నాకు జరిగింది కాబట్టి. కావలి దగ్గర ఒక పెళ్ళి, పన్నెండు వందల ఆకుల లెక్క. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. వేసిన అమ్మాయికి తెలుసు, కలిపినోడికి తెలుసు, వడ్డనకి గిన్నెల్లో ఎత్తుకున్నోళ్ళకీ తెలుసు. నాకు మాత్రం మొదటి బంతి కూర్చుని మూడో ఆకు దగ్గర మగపెళ్ళివారి పెద్దాయన మొహం చూశాక తెలిసింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే అంతకు ముందు నెలలో జరిగింది గుర్తొచ్చింది. పాలు విరిగాయని చెప్పిన పిల్లని అందరి ముందరా గరిటె ఎత్తి అరిచాను. ఆ గరిటె ఖరీదు కావలిలో కట్టాను.

ఉలవపాడు_కుర్రోడు
సోమవారం, రాత్రి 11:48

అక్కా, ఈ పోస్టు రాయబుద్ధి కావడం లేదు గానీ రాస్తా ఉన్నా.

మొదటి వారంలో మార్కింగ్ రోజు అదే పిల్లోడు వచ్చి "సార్, దారం రెండంగుళాలు పక్కకి పోయింది" అన్నాడు. మా సారు, ఓనరు ఇద్దరూ నిలబడి ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టు అయింది. "కళ్ళు నెత్తి మీద పెట్టుకుని కట్టావా" అని అరిచి సగం కూలి కోశా. దారం కట్టింది వాడు కూడా కాదు.

గెలాక్సీ_బ్లాక్
మంగళవారం, ఉదయం 7:30

సగం కూలి కోసినంత మాత్రాన నెల రోజులు నోరు మూసుకుంటే వాడిది కూడా తప్పే కదా. ఊరికే అందరూ కలిసి ఈ తమ్ముణ్ణి ఏడిపించొద్దు.

అయినా అక్క చెప్పింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. గ్రానైట్ బ్లాకులో సన్నటి పగులు ఉంటే వెంట్రుక అంటాం. తడిపి చూస్తే తప్ప కనపడదు, రాయి ఆరేటప్పుడు ఆ గీత ఒక్కటే ఆలస్యంగా ఆరుతుంది. ఒకసారి రాయి కోసే డైమండ్ వైర్ ఆపరేటర్ చూసి కూడా చెప్పలా. బ్లాకు ఫ్యాక్టరీకి పోయి, పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషను మీద సగం తెగాక రెండు ముక్కలైంది. కొన్న పార్టీ నాతో ఏడాది మాట్లాడలా. అప్పటి నుంచి మా దగ్గర లెక్క మారింది: వెంట్రుక చూపించినోడికి ఆ పూట టీ, టిఫిన్ నా లెక్కలో. ఆలస్యానికి కోత మాత్రం అట్టనే ఉంది. టైముకి రాకపోవడం వేరు, తప్పు చెప్పడం వేరు. రెండింటికీ ఒకటే కర్ర వాడితే రెండోది ఆగిపోతుంది, అంతవరకు ఒప్పుకుంటా.

సూళ్ళూరుపేట_రైలు
మంగళవారం, ఉదయం 10:15

ఈ మాట వస్తే మా శ్రీహరికోట ఊసు ఎత్తకుండా ఉండలేను. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం...

కావలి_టు_బెంగళూరు
మంగళవారం, ఉదయం 10:22

వచ్చేసింది! ఏ ఆఫీసు ట్రైనింగ్‌కి పోయినా ఇదే కథ అన్నా. కలాం గారు ప్రాజెక్టు డైరెక్టరు, రాకెట్ బంగాళాఖాతంలో పడింది, అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారు, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళాక మాట్లాడమని కలాం గారిని ముందుకు పంపారు. బట్టీ వచ్చు.

సూళ్ళూరుపేట_రైలు
మంగళవారం, ఉదయం 10:50

బట్టీ వచ్చినోళ్ళందరూ సగమే చెబుతారబ్బా. మిగతా సగం కూడా కలాం గారు స్వయంగా చెప్పుకున్నదే. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆగమంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు ఉంది. నిపుణులు ఫరవాలేదన్నారు, ఆయన ముందుకే పొమ్మన్నారు. ఆ రెండో దశే దెబ్బతీసింది. అంటే చెడు కబురు టైముకే వచ్చింది, అయినా ఆగలేదు. ధావన్ గారు కాపాడిన మనిషి ఏ తప్పూ చెయ్యని మనిషి కాదు. నాకు ఆ కథలో గొప్పగా అనిపించేది అదీ. ఏడాది తిరక్కుండా అదే మనిషి, అదే టీము మళ్ళీ ప్రయోగించారు.

మన తమ్ముడు ఆ మేనల్లుణ్ణి పనిలోంచి తీసేస్తే ఏం మిగులుతుంది? బోల్టు తప్పు ఎట్టా జరిగిందో కళ్ళారా చూసిన ఒకే ఒక్కడు వాడే.

కావలి_టు_బెంగళూరు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఒప్పుకున్నా, ఈ సగం నాకు తెలీదు.

నావి రెండు ముక్కలు, పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపిన అనుభవంతో. ఒకటి: రోజులు పోయాయి కదా అని ఇప్పుడు ఇంకో ముఠాని దించొద్దు. బ్రూక్స్ అనే ఆయన 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్ళకి పని చెప్పేది పాతవాళ్ళే, చెప్పినంతసేపు వాళ్ళ పని ఆగుతుంది. ఇటుకలు మోయడానికి ఈ సూత్రం పూర్తిగా వర్తించకపోవచ్చు, పది మంది ఎక్కువైతే ఇటుకలు తొందరగానే చేరతాయి. కానీ మార్కింగ్, బోల్టులు, లెవెల్ లాంటి వాటికి వర్తిస్తుంది.

రెండు: పని చెడేది ఒకరి పనిలో కాదు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారేచోట. మేస్త్రి నుంచి ఫ్యాబ్రికేటర్‌కి మారేచోట నీ బోల్టులు పోయాయి. ఇంకా అలాంటివి ఎన్ని మిగిలాయో ఒక కాగితం మీద రాసుకో. స్తంభాల నుంచి రేకులకి, రేకుల నుంచి కరెంటు పైపులకి, గోడ నుంచి షట్టరుకి. ప్రతిదానికీ ఇద్దరి పేర్లు. అప్పగించే ముందు రోజు ఆ ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టి ఇద్దరి చేతా టేపు పట్టించు.

వనామి_రైతు
మంగళవారం, సాయంత్రం 6:30

నేను అవతలి పక్క మనిషిని. అంటే ఓనరు పక్క. అల్లూరు దగ్గర చెరువులున్నాయి, పోయినేడు నేనూ ఒక షెడ్డు కట్టించుకున్నా. నేనూ మేస్త్రికే ఫోన్ చేసేవాణ్ణి. ఎందుకు చేశానో చెబుతా.

రొయ్యల చెరువంటే రాత్రి రెండింటికి నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఆగితే పొద్దుటికి సరుకు తేలుతుంది. కబురు లేదంటే ఏదో మునిగిందనే మాకు లెక్క, అట్టా అలవాటైపోయింది. నా సూపర్వైజర్ మంచోడే, కానీ నేను ఫోన్ చేస్తే గానీ మాట్లాడడు. చేసినా "జరగతా ఉంది సార్" అంటాడు. మేస్త్రి అయితే "ఈ రోజు నాలుగు వరసలు లేచింది, ఇసక రెండు రోజులకే ఉంది" అని లెక్క చెబుతాడు. ఇంకెవరికి చేస్తాను?

నువ్వు రోజూ సాయంత్రం ఆరింటికి, ఆయన చెయ్యకముందే, మూడు ముక్కలు పంపు. ఇవాళ ఏమైంది, రేపు ఏం చేస్తారు, ఏది ఇబ్బందిగా ఉంది. ఒక ఫోటో, అదీ పని కనపడేట్టు, నీ సెల్ఫీ కాదు. పదిరోజులు క్రమం తప్పకుండా పంపావంటే మేస్త్రికి ఫోన్లు ఆగుతాయి. ఆ మూడో ముక్క మాత్రం దాచొద్దు. ఇబ్బందులేమీ లేవని పదిరోజులు రాసి పదకొండో రోజు బాంబు పేలిస్తే మళ్ళీ మేస్త్రికే చేస్తాడు.

మార్కాపురం_పలక
మంగళవారం, రాత్రి 8:45

"ఏమైంది" అనే మాట దగ్గరే మా పడమటోళ్ళకి దెబ్బ. మాకు నీళ్ళివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన. సొరంగాలు రెండు, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్లు. ఒకటి 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. మిఠాయిలు కూడా పంచుకున్నారు. కానీ నిర్వాసితుల పునరావాసం, ఫీడర్ కాలువ పనులు అప్పటికీ మిగిలే ఉన్నాయి. సొరంగం అయిపోవడం వేరు, చేలోకి నీళ్ళు రావడం వేరు. ఇప్పటికీ మా అమ్మ బిందెలు లెక్కపెట్టుకుంటుంది.

కాబట్టి నీ కాగితంలో "పెడెస్టల్స్ అయిపోయినాయి" అని రాయొద్దు. "14 స్తంభాలు కూర్చున్నాయి, నట్లు బిగించాం, నిలువుగా ఉన్నాయో లేదో తూకం చూశాం" అని రాయి.

పెన్నా_గట్టు
బుధవారం, ఉదయం 5:40

పలక గారి మాట నిజం. శాఖలో ఉన్నవాణ్ణి, నాకు నొప్పిగానే ఉంటుంది, కానీ నిజం.

అబ్బాయ్, ఇప్పుడు పని వరస సంగతి. నీకు మిగిలింది 55 రోజులు. క్యాలెండర్ చూడు. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు. 2021 నవంబరు వరదకి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, నీ మట్టిరోడ్డు ఎంత? నల్లరేగడిలో ఒక్క గట్టి వాన పడితే క్రేను లోపలికి రాదు, వచ్చినా బయటికి పోదు. అందుకని క్రేను అవసరమున్న పనులన్నీ ముందుకు లాగు. స్తంభాలు, ట్రస్సులు, రేకులు. గోడలు, ఫ్లోరింగ్ కప్పు కింద వానలో కూడా చేసుకోవచ్చు. ఓనరు గారు చెప్పిన ఆఫీసు గోడ ఇప్పుడు వద్దని ఇదే కారణంతో చెప్పు, వినకుండా ఉండడు. క్రేను నడిచే దారికి గ్రావెల్ ఈ వారమే తోలించు.

ఆఫీసు స్లాబుకి మేస్త్రి తొందరపడి సపోర్టులు తీసేస్తాడు, సెంట్రింగ్ సామాను బాడుగ మిగులుతుందని. స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్ల లోపైతే ఏడు రోజులు, దాటితే పద్నాలుగు, కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 లెక్క. బీములకి ఇంకా ఎక్కువ. ఇక్కడ మాత్రం గెలాక్సీ గారిలాగే ఉండు. బతిమాలినా, అలిగినా ఒక్క కర్ర కదలకూడదు.

డ్రాయింగ్ సైటులో ఒక్కటే ఉండాలి. ఆఫీసు షెడ్డు గోడకి అంటించు, తేదీ ఎర్ర సిరాతో పెద్దగా రాయి. కొత్తది రాగానే పాతది అందరి ముందరా చింపెయ్. చింపిన చప్పుడు గుర్తున్నట్టు వాట్సాప్ మెసేజ్ గుర్తుండదు.

వంటశాల_అక్క
బుధవారం, మధ్యాహ్నం 3:30

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంది? శనివారం బట్వాడా ఎన్నింటికి ఇస్తున్నావు? చీకటి పడేదాకా కూర్చోబెట్టి ఇస్తే నువ్వెంత తియ్యగా మాట్లాడినా దండగ. నాలుగున్నరకల్లా చేతిలో పడాలి, ఆడోళ్ళు సంతకి పోయి కూరగాయలు తెచ్చుకోవాలి కదా. మీ సారు డబ్బు ఆలస్యంగా పంపితే ఆ మాట శుక్రవారమే ముఠాకి చెప్పెయ్.

ఆ పిల్లోడికి కోసిన సగం కూలి కూడా ఇచ్చెయ్. తిట్టింది ఎక్కడ తిట్టావో అక్కడే, ఎవరి ముందర తిట్టావో వాళ్ళ ముందరే.

గెలాక్సీ_బ్లాక్
బుధవారం, మధ్యాహ్నం 3:52

అది మాత్రం నావల్ల కాదు అక్కా. పక్కకి పిలిచి ఇస్తా కానీ అందరి ముందరా?

వంటశాల_అక్క
బుధవారం, సాయంత్రం 4:01

అందుకే నీ దగ్గర టీ, టిఫిన్ ఖర్చు ఎక్కువ.

ఉలవపాడు_కుర్రోడు
పదమూడు రోజుల తర్వాత, రాత్రి 9:30

అందరికీ దండాలు. ఏమైందో చెప్పకుండా పోతే బాగోదని వచ్చా.

బోల్టుల సంగతి. డిజైన్ ఇంజనీరుకి మూడింటి కొలతలు, ఫోటోలు పంపాను. రెండింటికి బేస్ ప్లేటు బొక్కలు కొంచెం పొడవు చేసి, పైన మందపాటి ప్లేటు వాషర్లు వేసి వెల్డింగ్ చెయ్యమన్నాడు. మూడోదానికి బోల్టులు వాలి కూడా ఉన్నాయి, అవి కోసేసి పక్కన డ్రిల్ చేసి కెమికల్ యాంకర్లు, అంటే జిగురు మందుతో పట్టే బోల్టులు, వేయించాడు. ఖర్చు మా సారు కొంత, ఫ్యాబ్రికేటర్ కొంత పెట్టుకున్నారు. మాటలు పడ్డాను, అది ఖర్చులో రాయలేదు. 14 స్తంభాలూ కూర్చున్నాయి, తూకం చూశాం, నట్లు బిగించాం. ట్రస్సులు ఆరు ఎక్కాయి. ఇంకా ఐదు రోజులు వెనకే ఉన్నాం.

ఓనరుకి రోజూ ఆరింటికి మూడు ముక్కలు పోతా ఉన్నాయి. నాలుగో రోజు "గ్రావెల్ లారీ రాలేదు, రేపు క్రేను ఖాళీగా ఉంటుంది" అని మూడో ముక్క రాశా, చెయ్యి వణికింది. ఆయన తిడతాడనుకుంటే తనకి తెలిసిన లారీ ఒకటి రాత్రికే పంపించాడు. మేస్త్రికి ఫోన్లు పూర్తిగా ఆగలా, తగ్గినాయి.

శనివారం బట్వాడా అప్పుడు ఆ పిల్లోడి సగం కూలి ఇచ్చా, ముఠా అంతా ఉండగానే. "దారం నువ్వు కట్టలేదు, తప్పు నాది" అన్నా. ఎవరూ చప్పట్లు కొట్టలా. మేస్త్రి బీడీ ముట్టించుకుని పక్కకి తిరిగాడు. నాకే అక్కడ నిలబడలేక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయా.

నిన్న పొద్దున ఆరుంబావుకి ఫోను. వాడే. "సార్, రాత్రి జల్లుకి సిమెంటు బస్తాల మీద పట్టా ఎగిరిపోయింది. అడుగున తొమ్మిది బస్తాలు తడిసినాయి. పట్టా కట్టింది నేనే." నోటిదాకా వచ్చిందక్కా, నిజంగా వచ్చింది. మింగి, "మిగతావి ఎత్తులో పెట్టించు, నేను వస్తా ఉన్నా" అన్నా. ఏడింటికి పోయేసరికి అన్నీ చెక్కల మీదికి ఎక్కించి ఉన్నాడు, తడిసినవి విడిగా పెట్టి పైన సున్నంతో గీత గీసి.

వనామి_రైతు
పదమూడు రోజుల తర్వాత, రాత్రి 9:50

తొమ్మిది బస్తాల సంగతి ఓనరుకి పంపావా?

ఉలవపాడు_కుర్రోడు
పదమూడు రోజుల తర్వాత, రాత్రి 9:53

పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలా.

గెలాక్సీ_బ్లాక్
పదమూడు రోజుల తర్వాత, రాత్రి 10:20

వస్తుందిలే. రాకపోతే వచ్చే ఏడాది నెల్లూరు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరాలని ప్రాజెక్టు రొట్టె పట్టుకో. అవునూ, ఆ గ్రావెల్ ట్రిప్పు ఎంతకి తోలాడు? మా క్వారీ రోడ్డుకి కూడా కావాలి.